నాలుగో మందు ఏది? ఒక ఫోకల్ ఎపిలెప్సీ కేసు

ఫోకల్ ఎపిలెప్సీ అంటే మెదడులో ఒక చోట మొదలయ్యే ఫిట్స్ జబ్బు. 32 ఏళ్ల మహిళ. గుంటూరు జిల్లా. బరువు 41 కిలోలు. ఇంట్లోనే బ్లౌజులు, లంగాలు కుడుతుంది. ఫిట్స్ మొదలై తొమ్మిదేళ్లయింది. మా ఓపీకి వచ్చేసరికి మూడు మందులు వాడుతోంది, అయినా నెలకు ఐదారుసార్లు వస్తున్నాయి. "ఇంకో మందు కలపగలరేమో చూడండి" అని చీటీ రాసి పంపించారు. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. మందులు, మోతాదులు, వాటి క్రమం మార్చలేదు.

ఈ కేసు రాయడానికి కారణం ఉంది. యాడ్-ఆన్ మందు (ఉన్నవాటికి తోడుగా కలిపేది) ఏది మంచిదని జూనియర్లు అడిగినప్పుడల్లా మందుల మధ్య పోటీ పెట్టి విజేతను చెప్పమన్నట్టే ఉంటుంది. నా అనుభవంలో జవాబు చాలాసార్లు కొత్త మందు దగ్గర దొరకదు. రోగి అప్పటికే మింగుతున్న పాత మందుల దగ్గర దొరుకుతుంది.

వచ్చినప్పుడు

ఫిట్ ఎలా వస్తుందో భర్త ఫోన్లో తీసి చూపించాడు. ఎడమ చేతి వేళ్లు టకటకా కొట్టుకుంటాయి, చెయ్యి పైకి లాగుకుంటుంది, తల ఎడమ వైపు తిరుగుతుంది, ఆ తర్వాత పిలిచినా పలకదు. అంతా నిమిషంలోపే. ఇవి పగలు వచ్చేవి. రెండు నెలలకోసారి నిద్రలో ఒళ్లంతా కొట్టుకునే పెద్ద ఫిట్ వస్తుంది, నాలుక కరుచుకుంటుంది.

ఎడమ చూపుడు వేలికి కట్టు ఉంది. గుడ్డను సూది కిందకి తోసేది ఆ చెయ్యే. మిషన్‌కు మోటారు పెట్టించుకుంది. ఫిట్ వచ్చినప్పుడు కాలు బిగుసుకుని పెడల్ మీదే ఉండిపోయింది, సూది గోరులోంచి దిగింది.

ఎంఆర్ఐలో కుడి ఫ్రాంటల్ లోబ్‌లో, చేతిని కదిలించే భాగానికి కాస్త ముందు, గట్టిపడిన చిన్న కాల్షియం మచ్చ కనిపించింది. మన దగ్గర పెద్దవాళ్లలో ఫోకల్ ఫిట్స్‌కు తరచూ కనిపించే కారణమే, న్యూరోసిస్టిసర్కోసిస్ (బద్దెపురుగు పిల్ల మెదడులో చేరే జబ్బు) మిగిల్చిన గుర్తు. "మేం మాంసమే తినం గదా" అన్నారు. ఈ పురుగు గుడ్లు వచ్చేది కలుషితమైన నీళ్లలో, సరిగా కడగని ఆకుకూరల్లో. మచ్చ గట్టిపడ్డాక ఆ పురుగును చంపే ఆల్బెండజోల్‌తో పనిలేదు. ఈఈజీలో ఫిట్స్ అలలు కుడి వైపే కనిపించాయి. వీడియో, మచ్చ, ఈఈజీ మూడూ ఒకే చోటును చూపుతున్నాయి కాబట్టి ఇవి ఫోకల్ ఫిట్స్ అన్న విషయంలో అనుమానం లేదు.

వాడుతున్న మందులు ఇవి: కార్బమజెపైన్ సీఆర్ (నెమ్మదిగా కరిగే మాత్ర) పొద్దున 400, రాత్రి 600, లెవిటిరాసెటమ్ 1000 చొప్పున రెండు పూటలు, క్లోబజామ్ రాత్రి 10 మిల్లీగ్రాములు. క్లోబజామ్ కలిపిన మొదటి మూడు నెలలు ఎంతో బాగుందట, తర్వాత ఫిట్స్ మళ్లీ మొదటికొచ్చాయి. ఆ మందుతో ఇది కొత్త కాదు, ఒంటికి అలవాటైపోతుంది. అయినా చవక, త్వరగా పనిచేస్తుంది, అందుకే మన దగ్గర మూడో మందుగా ముందు రాసేది దాన్నే. దాన్ని నేను తప్పుపట్టను.

కలిపే ముందు

మందు ఫెయిలైందా, లేక మందు కడుపులోకి సరిగా వెళ్లలేదా? మొదట తేల్చాల్సింది ఇదే. పొద్దున మాత్ర సంగతి అడిగితే ఆమె భర్త వైపు చూసింది. అతన్ని ఈసీజీ చీటీ తెమ్మని పంపించాక చెప్పింది: "ఆ మాత్ర ఏసుకుంటే ఏందో సార్, చిన్నదానికే చిర్రెత్తుతది. పిల్లల మీద చెయ్యి చేసుకుంటన్నా. అందుకని పొద్దున పూట ఒక్కోసారి మానేస్తన్నా."

లెవిటిరాసెటమ్ గుణమే అది. వేసుకునే వాళ్లందరికీ రాదు, వచ్చిన వాళ్ల ఇంట్లో మాత్రం శాంతి ఉండదు. చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడిగాను. ఎపిలెప్సీ మందులన్నిటి మీదా ఆత్మహత్య ఆలోచనల గురించి అమెరికా ఎఫ్‌డీఏ 2008లోనే హెచ్చరించింది. ఈ ప్రశ్న అడగకుండా కొత్త మందు రాయకూడదు. లేదంది. ఏడుపు మాత్రం వస్తుందంది.

రెండో సంగతి రక్త పరీక్షలో బయటపడింది. సోడియం 130, ఉండాల్సినదానికన్నా తక్కువ. కార్బమజెపైన్ లెవెల్ 10.8, పై గీతకు దగ్గర. 41 కిలోల మనిషికి రోజుకు 1000 మిల్లీగ్రాములు ఎక్కువే. సాయంత్రానికి సూదిలో దారం ఎక్కించబోతే రెండు సూదులు కనిపిస్తున్నాయని ఆమె ఏనాటి నుంచో చెబుతోందట. కళ్లజోడు మార్చారు గానీ మందు వైపు ఎవరూ చూడలేదు.

మూడోది క్యాలెండర్. ఫిట్ వచ్చిన రోజున భర్త గోడ క్యాలెండర్లో తేదీ చుట్టూ సున్నా చుడతాడు. అది పట్టుకు రమ్మన్నాను. అమావాస్యకు వస్తాయని అత్తగారి నమ్మకం. చూస్తే అమావాస్యకూ సున్నాలకూ సంబంధం కనపడలేదు, నెలసరికీ లేదు. మాఘంలో, వైశాఖ జ్యేష్ఠాల్లో, శ్రావణంలో మాత్రం సున్నాలు గుంపులు గుంపులుగా ఉన్నాయి. ఆషాఢంలో, భాద్రపదంలో, పుష్యంలో పల్చగా ఉన్నాయి. అడగ్గానే భర్తే చెప్పాడు: "ముహూర్తాలప్పుడు రాత్రి రెండింటిదాకా కుడతది సార్."

నిద్ర తగ్గితే ఫిట్స్ పెరుగుతాయని అందరికీ తెలుసు. అంతకన్నా ముఖ్యమైన చిక్కు ఇంకోటుంది. ఈమెకు ఏ మందైనా సరే, ఆషాఢం ముందు మొదలుపెడితే పనిచేసినట్టే కనిపిస్తుంది. మనుషులు డాక్టర్ దగ్గరికి వచ్చేదే ఫిట్స్ బాగా ముదిరినప్పుడు. తర్వాత వాటంతట అవే కొంత తగ్గినా ఆ పేరు కొత్త మాత్రకే పోతుంది. క్లోబజామ్ తొలి మూడు నెలల వైభవంలో కూడా ఎంత మాత్రదో, ఎంత మూఢందో చెప్పలేం.

అంకెలు ఏం చెబుతాయి

మందుల పరీక్షల్లోనూ ఇదే కనిపిస్తుంది. అదనంగా ఉత్తుత్తి మాత్ర (మందులేని ప్లసీబో) ఇచ్చినా ప్రతి ఐదుగురిలో ఒకరికి ఫిట్స్ సగానికి తగ్గుతాయి. బ్రివారాసెటమ్ మూడు పరీక్షలు కలిపి చూస్తే సగానికి తగ్గినవాళ్లు 34 నుంచి 40 శాతం, ఉత్తుత్తి మాత్రలో 20. లాకోసమైడ్ రోజుకు 400 మిల్లీగ్రాముల మోతాదులో దాదాపు 40, ఉత్తుత్తి మాత్రలో 23. పెరాంపనెల్ 8 మిల్లీగ్రాములకు 35, ఉత్తుత్తి మాత్రలో 19. ఇవి వేర్వేరు పరీక్షలు, వేర్వేరు మనుషులు. ఒకదాని 40ని ఇంకోదాని 35 పక్కన పెట్టి ఇది గెలిచిందనడానికి లేదు. ఒకే పరీక్షలో రెండు యాడ్-ఆన్ మందులను ముఖాముఖి పెట్టి చూసినవి చాలా తక్కువ.

కాస్త వేరుగా నిలిచింది సెనోబమేట్. 2020లో వచ్చిన పరీక్షలో 400 మిల్లీగ్రాములు వాడినవాళ్లలో 21 శాతానికి 12 వారాల స్థిర మోతాదు కాలంలో ఒక్క ఫిట్ కూడా రాలేదు. ఉత్తుత్తి మాత్రలో అలా ఉన్నది 1 శాతం. తొలినాళ్లలో వేగంగా మోతాదు పెంచినప్పుడు డ్రెస్ అనే తీవ్రమైన ఎలర్జీ వచ్చింది, అందుకే ఇప్పుడు 12.5తో మొదలుపెట్టి రెండేసి వారాలకు పెంచుతారు. ఈ కేసులో నాకు అందుబాటులో ఉన్న మందుల్లో అది లేదు.

ఇంకో అంకె మనసులో ఉంచుకోవాలి. గ్లాస్గోలో క్వాన్, బ్రోడీ 2000లో ప్రచురించిన లెక్క: మొదటి మందుతోనే ఫిట్స్ ఆగినవాళ్లు 47 శాతం, రెండో మందుతో ఇంకో 13. ఆ తర్వాత కలిపేవాటితో వచ్చేది చాలా స్వల్పం. 2018లో అదే ఊరి నుంచి ఎక్కువ మంది రోగులతో వచ్చిన లెక్క కూడా, అన్ని కొత్త మందులు వచ్చాక కూడా, పెద్దగా మారలేదు. కాబట్టి నాలుగో మందు రాసేటప్పుడు "ఇది వేసుకుంటే పూర్తిగా తగ్గిపోతుంది" అని నేను చెప్పను. పెద్ద ఫిట్స్ ఆపడం ముందు లక్ష్యం, ఎందుకంటే నిద్రలో హఠాత్తుగా ప్రాణం పోయే ప్రమాదం ప్రధానంగా వాటితోనే. పగటి చిన్న ఫిట్స్ తగ్గించడం తర్వాతి లక్ష్యం. ఇంట్లో మనిషి మనిషిలా ఉండటం మూడోది, ఆమెకైతే బహుశా అదే మొదటిది.

ఒక్కొక్కటీ పక్కన పెడుతూ

32 ఏళ్ల మహిళ అనగానే మన చెయ్యి వాల్ప్రోయేట్ దగ్గర ఆగుతుంది, ఆగాలి కూడా. గర్భిణులు వాడిన ఎపిలెప్సీ మందుల అంతర్జాతీయ రిజిస్ట్రీ యూరాప్ 2018లో ఇచ్చిన లెక్కల్లో బిడ్డలకు పెద్ద అవయవ లోపాలు వాల్ప్రోయేట్‌తో 10.3 శాతం, కార్బమజెపైన్‌తో 5.5, లామోట్రిజిన్‌తో 2.9, లెవిటిరాసెటమ్‌తో 2.8. అయితే ఈమెకు రెండో కాన్పులోనే ఆపరేషన్ అయిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో ఇది సాధారణం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం పెళ్లయిన మహిళల్లో దాదాపు 70 శాతం ట్యూబెక్టమీ చేయించుకున్నవాళ్లే. పాశ్చాత్య మార్గదర్శకాలు చదివి రాసేటప్పుడు ఈ ఒక్క ప్రశ్న అడగకపోతే లేని ఇబ్బందికి మందు ఎంచుకున్నట్టవుతుంది. అయినా వాల్ప్రోయేట్ వద్దనుకున్నాను. చేతుల వణుకు తెస్తుంది, సూది పనిచేసే మనిషికి అది ఇవ్వలేను. పైగా కార్బమజెపైన్ ఒంట్లో విరిగి పుట్టే ఎపాక్సైడ్ అనే పదార్థాన్ని పెంచుతుంది, అంటే ఇప్పటికే రెండుగా కనిపిస్తున్న సూది మూడవుతుంది.

టోపిరమేట్, జోనిసమైడ్ రెండూ బరువు తగ్గిస్తాయి. 41 కిలోల్లో తగ్గడానికి ఏముంది? టోపిరమేట్‌తో మాట తట్టకపోవడం, లెక్క తప్పడం అదనం. కొలతలన్నీ నోటిలెక్కతో వేసుకునే మనిషి ఈమె. పెరాంపనెల్ రాత్రి ఒక్క మాత్రే కాబట్టి చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ, కోపం, దాడి చేసే స్వభావం గురించి బాక్స్‌డ్ వార్నింగ్ (మందు వివరాల్లో గడి కట్టి అచ్చువేసే అతి తీవ్ర హెచ్చరిక) ఉన్న మందు. పిల్లల మీద చెయ్యి చేసుకుంటున్నానని ఏడ్చే తల్లికి అది రాయలేం. కార్బమజెపైన్ రక్తంలో దాని లెవెల్‌ను మూడో వంతుకు తగ్గించేస్తుంది కూడా. ఆక్స్‌కార్బజెపైన్, ఎస్లికార్బజెపైన్ సోడియంను ఇంకా దించుతాయి. బ్రివారాసెటమ్‌ను లెవిటిరాసెటమ్‌కు కలపడం వృథా, రెండూ మెదడులో పట్టుకునేది ఒకే ఎస్‌వీ2ఏ ప్రొటీన్‌ను. ఒకదాని బదులు ఇంకోటి వాడొచ్చు, కలిపి కాదు. ఇప్పటికీ రెండూ కలిపి రాసిన చీటీలు నా దగ్గరికి వస్తున్నాయి.

మిగిలిన అసలు పోటీ లామోట్రిజిన్, లాకోసమైడ్ మధ్య. లామోట్రిజిన్ మనసుకు మంచిది, బ్రిటన్‌లో జరిగిన రెండో శానాడ్ పరీక్ష 2021లో ఫోకల్ ఫిట్స్‌కు మొదటి మందుగా దాన్నే ముందు నిలిపింది. ఈమెకు ఇంకా పిల్లలు కావాలనుకుని ఉంటే రెండో ఆలోచన లేకుండా అదే. ఇబ్బంది వేరే ఉంది. దద్దుర్ల భయంతో నెమ్మదిగా పెంచాలి. కార్బమజెపైన్ దాన్ని ఒంట్లోంచి త్వరగా తోసేస్తుంది. తర్వాత నేను కార్బమజెపైన్ తగ్గిస్తుంటే లామోట్రిజిన్ దానంతటదే పైకెక్కుతుంది. తగ్గించేదొకటి, పెరిగేదొకటి. దూరం నుంచి వచ్చే రోగితో ఫోన్ మీద ఈ లెక్క నడపడం కష్టం. రాత్రి పెద్ద ఫిట్స్ ఉన్నాయి, రెండు మూడు నెలలు ఆగేంత తీరిక లేదు.

లాకోసమైడ్ మూడు వారాల్లో పనిచేసే మోతాదుకు చేరుతుంది, ఇతర మందులతో పెద్దగా పేచీ పెట్టుకోదు, మూడ్‌ను కదపడం తక్కువ. దాని లోపం ఒక్కటే: అదీ కార్బమజెపైన్ లాగే నరాల కణాల్లోని సోడియం చానల్ మీద పనిచేసేదే. అలాంటివి రెండు కలిస్తే తల తిరగడం, రెండుగా కనపడటం ఎక్కువవుతాయి. కానీ ఈమె కార్బమజెపైన్‌ను ఎటూ తగ్గించాల్సిందే. అందుకని దాన్ని లోపంగా కాక దారిగా తీసుకున్నాను. లాకోసమైడ్‌కు ముందు చూడాల్సిన ఈసీజీలో పీఆర్ నిడివి (గుండె పైగదుల నుంచి కింది గదులకు కరెంటు చేరే సమయం) సరిగ్గా ఉంది.

మొదలుపెట్టాక

జ్యేష్ఠం చివర్లో లాకోసమైడ్ 50 చొప్పున రెండు పూటలు, వారం తర్వాత 100 చొప్పున. మిగతావి కదపలేదు, పెద్ద ఫిట్స్ ఉండగా కొత్తది పనిలోకి రాకముందే పాతది లాగితే స్టేటస్‌కు, అంటే ఆగకుండా వచ్చే ఫిట్‌కు, దారితీయొచ్చు. ముందే ఇద్దరికీ చెప్పి పంపించాను: "తల తిరిగితే కొత్తది మానెయ్యొద్దమ్మా, ఫోన్ చెయ్యండి. తగ్గించేది పాతదాన్ని." నిద్ర గురించి కూడా చెప్పాను గానీ ముహూర్తాల్లో మానుకుంటుందని నమ్మలేదు. మోటారు తీసేసి కాలితో తొక్కమన్నాను, సూదికి అడ్డం పెట్టే గార్డు పెట్టించుకోమన్నాను. ఇంట్లో ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే ఉంచమని రాశాను. చేతిలో తాళంచెవులు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం ఆ ఇంట్లో ఇంకా ఉన్నాయి. అత్తగారిని కూచోబెట్టి పక్కకి తిప్పి పడుకోబెట్టడం చూపించాను.

100 చొప్పున మొదలైన మూడో రోజు భర్త ఫోన్ చేశాడు. పొద్దున మాత్రలేసుకున్న రెండు గంటలకు తూలుతోంది, గడప రెండుగా కనిపిస్తోంది, కొత్త మాత్ర పడలేదు, ఆపేస్తాం అన్నాడు. పొద్దున మాత్రలన్నీ వేసుకున్న కాసేపటికి వచ్చి మధ్యాహ్నానికి తగ్గితే అది రెండు మందులు ఒకేసారి పైకి లేచిన గుర్తు. కార్బమజెపైన్ పొద్దున మోతాదు 400 నుంచి 200కు తగ్గించమన్నాను. వారంలో తూలడం పోయింది. ఎవరింట్లోనైనా నింద కొత్త కోడలి మీదికే వెళ్లినట్టు, మందుల్లోనూ కొత్తగా వచ్చినదే ముందు బయటికి పోతుంది. ఈ ఒక్క కారణంతో లాకోసమైడ్ "పడదు" అని ముద్రపడిన రోగులు నాకు చాలామంది తెలుసు.

ఆషాఢమంతా ఫిట్స్ బాగా తగ్గాయి. భర్త సంతోషించాడు. నేను క్యాలెండర్ చూసి శ్రావణం పోనీ అన్నాను. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం ముందు బ్లౌజుల గిరాకీలో రెండు పగటి ఫిట్స్ వచ్చాయి. అంతకుముందు ఏడాది శ్రావణంలో సున్నాలు తొమ్మిది. రాత్రి పెద్దది రాలేదు. మందు పనిచేస్తోందని నేను నమ్మింది అప్పుడే. లాకోసమైడ్‌ను 150 చొప్పున చేశాను, కార్బమజెపైన్‌ను రెండు వారాలకోసారి కొంచెం కొంచెం తగ్గిస్తూ నాలుగు నెలల్లో రాత్రి 400కు తెచ్చాను. సోడియం 136కు వచ్చింది. రెండు సూదులు ఒకటయ్యాయి.

ఆ తర్వాతే లెవిటిరాసెటమ్ సంగతి. ఒకేసారి రెండు మార్పులు చేస్తే ఏది దేనివల్లో తెలియదు. బ్రివారాసెటమ్ 75 చొప్పున రెండు పూటలు, లెవిటిరాసెటమ్ ఒక్క రాత్రిలో ఆపి మరుసటి పొద్దున నుంచి ఇది. ఈ రెంటికీ నెమ్మదిగా మార్చాల్సిన పనిలేదు. 2021 ఫిబ్రవరిలో పేటెంట్ తీరాక మన కంపెనీలు చాలా తెచ్చాయి, ధర దిగింది, లేకపోతే ఈ ఇంటికి ఇది రాసేవాణ్ని కాదు. కోపం అందరికీ తగ్గుతుందని హామీ లేదు. ఈమెకు మూడు వారాల్లో తగ్గింది. ఎలా తెలిసిందంటే ఆమె చెప్పలేదు, వెంట వచ్చిన పెద్ద కూతురు చెప్పింది: "అమ్మ ఇప్పుడు కొట్టట్లేదు." ఆరోజు నుంచి పొద్దున మాత్ర మానడం కూడా లేదు. ఫిట్స్ తగ్గడంలో దీని వాటా కూడా ఉండి ఉండాలి. బి6 మాత్రలతో లెవిటిరాసెటమ్ కోపం తగ్గుతుందని చాలామంది రాస్తారు, పెద్దవాళ్లలో దానికి గట్టి ఆధారం లేదు.

ఇప్పుడు

లాకోసమైడ్ 150 రెండు పూటలు, బ్రివారాసెటమ్ 75 రెండు పూటలు, కార్బమజెపైన్ రాత్రి 400, క్లోబజామ్ రాత్రి 5. పెద్ద ఫిట్ వచ్చి ఎనిమిది నెలలు దాటింది. పగటివి నెలకో, రెండు నెలలకో ఒకటి, చేతి వరకే. వీటిని పూర్తిగా ఆగినవని రాయలేను. ఫిట్స్ ఆగాయనడానికి ఎపిలెప్సీ డాక్టర్ల అంతర్జాతీయ లీగ్ (ఐఎల్ఏఈ) పెట్టిన కొలత ఏడాది, లేదా చికిత్సకు ముందు రెండు ఫిట్స్ మధ్య అత్యధికంగా ఉన్న వ్యవధికి మూడు రెట్లు, ఏది ఎక్కువైతే అది. ఈమె అక్కడికి ఇంకా రాలేదు.

2010లో లీగ్ ఇచ్చిన నిర్వచనం ప్రకారం, సరైన మందులు రెండు సరైన మోతాదులో వాడినా ఆగకపోతే అది మందులకు లొంగని ఎపిలెప్సీ. ఆ గీత ఈమె ఎప్పుడో దాటింది. కాబట్టి ఐదో మందు కాదు, వీడియో ఈఈజీ. హైదరాబాద్ నిమ్స్‌లోనూ, తిరువనంతపురం శ్రీచిత్రలోనూ సర్జరీకి ముందు పరీక్షలు జరుగుతాయి. మచ్చ చేతి భాగానికి దగ్గరగా ఉంది, ఎంత దగ్గరో ఫంక్షనల్ ఎంఆర్ఐతో తేలాలి. "ఆ చెయ్యే నా కూడు సార్" అంది. ఆపరేషన్ గురించి కాదమ్మా, పరీక్ష గురించి అన్నాను. ఒప్పుకుంది గానీ మాఘం ముహూర్తాలు అయ్యాక అంది. ఉత్తరం రాసి ఇచ్చాను. ఈలోగా కార్బమజెపైన్ మిగిలిన 400లో 100 తగ్గించి, ఏళ్లుగా వాడితే అది తగ్గించే విటమిన్ డి రక్తంలో ఎంతుందో చూపించుకోమన్నాను. 10 నుంచి 5కు తెచ్చిన క్లోబజామ్‌ను పూర్తిగా ఆపడం చివరికి అట్టిపెట్టాను.